పొదుగు, నాలుక

హోసూరు పక్కన మత్తిగిరి దగ్గర ఒక పల్లె. ఆ పల్లె కోడలు రెండో కాన్పుకు కృష్ణగిరి వైపు పుట్టింటికి పోయి, మూడో నెలలో పసివాణ్ణి ఒడిలో పెట్టుకొని బస్సెక్కింది. యాభై కిలోమీటర్ల దారి పొడవునా ఒకటే ధ్యాస: నాలుగేళ్ల పెద్దపిల్ల ఎదురొచ్చి మెడకు చుట్టుకుంటుందని.

పిల్ల రాలేదు. అవ్వ కొంగు వెనక నిలబడి, "వాడికి పాలిచ్చినాక నా దగ్గరికి వస్తావా?" అని అడిగింది.

ఆ రాత్రి చిన్నవాడు పాలు తాగుతుంటే తల్లికి ఒళ్లంతా సంతోషం. గోడవైపు తిరిగి పడుకొన్న పెద్దదాన్ని చూస్తే కడుపులో దేవినట్టు బాధ. వీణ్ణి కని దానికి అన్యాయం చేసినాననుకొంది. మరుక్షణమే, పసివాణ్ణి పెట్టుకొని ఏడుపేమిటని తన్ను తానే తిట్టుకొంది.

పశువుల క్షేత్రం వెలసిన చోటు మత్తిగిరి; చుట్టుపక్కల ఆడవాళ్లకు గొడ్ల మనసు బాగా తెలుసు. ఆ వారమే ఇంటి ఆవు ఈనింది. తెల్లవారి నిరుటి పెయ్య అలవాటుగా పొదుగు దగ్గర మూతి పెట్టబోతే ఆవు కొమ్ము విసిరింది.

"చూస్తివా అత్తా, అదీ నా మాదిరే" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకొంది.

"ఆడికే పోవద్దు, ఇంకాసేపు చూడమ్మీ" అంది అత్త.

పెయ్య కాసేపు అలిగి, గాటిలోని రాగిగడ్డి అందుకొంది. ఆవు మెడ చాచి దాని చెవి వెనక నాకసాగింది. పెయ్య కదలకుండా నిలబడింది. నమలడం మాత్రం మానలేదు.

"పొదుగు చిన్నదానిది, నాలుక రెండింటిదీ. పండ్లొచ్చినదానికి పాలెందుకు?" అంది అత్త.

కోడలు లోపలికి పోయి, పెద్దదాన్ని ముందు కూర్చోబెట్టుకొని తల దువ్వింది. పిల్ల బిగుసుకొని కూర్చుంది. ఒక జడ అయ్యేసరికి ఉయ్యాలలో చిన్నవాడు ఏడుపెత్తుకొన్నాడు.

"ఉండురా, అక్క జడ కానీ" అంది తల్లి.

ఆ మాటకు పిల్ల వెనక్కి వాలి, అమ్మ మోకాళ్లకు ఆనుకొంది.

నీతి: రెండో బిడ్డ వస్తే తల్లికి తగ్గేది తీరిక, ప్రేమ కాదు. ఇద్దరికీ ఒకటే ఇవ్వాలని తపిస్తే దిగులే మిగులుతుంది. ఎవరి వయసుకు ఏది కావాలో అది ఇస్తే ఇద్దరికీ చాలుతుంది. చిన్నబిడ్డను చూసి మురిసిన మనసే పెద్దబిడ్డ కోసం కుమిలితే అది పాపం కాదు, ఇద్దరికీ తల్లి కావడమంటే అదే.