అడుగువాని అర్హత

తోటివాని నడవడిని గూర్చి అడుగుటకు మనకు అధికారము కలదా? ఈ ప్రశ్న బైబిలు తొలి పుటలలోనే తలయెత్తినది. హేబెలు ఎక్కడ నున్నాడని దేవుడు అడిగినపుడు, తమ్ముని కనిపెట్టియుండుట తన పని కాదన్నట్లు కయీను ఎదురాడెను. అది హంతకుని సమాధానము. అయితే మర్యాదస్థులమైన మనమును పలుమారు ఆ ధోరణినే అవలంబింతుము. ఒకరి ఇంటి సంగతి మనకేల యని తొలగిపోవుటను సభ్యత యనుకొందుము. మరియొకప్పుడు ఆ సంగతినే వాకిట నిలిచి పదిమందితో చెప్పుకొందుము. ఈ రెంటికిని నడుమ ధర్మమార్గ మేదైన కలదా?

అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో, 6వ అధ్యాయమున, విశ్వాసులు పరస్పరము భారములు పంచుకొనవలెనని బోధించెను. కొలది పంక్తులకే, ఎవరి బరువు వారే మోయవలసియుండుననియు చెప్పెను. ఇందు విరోధము లేదు. తన నడవడికి ప్రతివాడును తానే ఉత్తరవాది. కాని ఆ ఉత్తరవాదిత్వమును ఒంటరిగా మోయవలసిన పని లేదు. క్రైస్తవులు సహవాసమని పిలుచుకొనునది ఇదియే.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున 1742వ సంవత్సరమున జరిగిన సంగతి ఇందుకు చక్కని దృష్టాంతము. జాన్ వెస్లీ అనుచరులు కట్టుకొనిన ప్రార్థనమందిరముపై అప్పు మిగిలియుండెను. అది తీర్చు ఉపాయమునకై ఫిబ్రవరి 15వ తేదీన కొందరు కూడిరి. సభ్యుడొక్కొక్కడు వారమునకు ఒక పెన్నీ ఈయవలెనని కెప్టెన్ ఫాయ్ అను నతడు సూచించెను. పలువురు నిరుపేదలనియు, అంతమాత్రము నీయజాలరనియు ఒకరు ఆక్షేపించిరి. అంతట ఫాయ్, మిక్కిలి పేదలైన పదునొకండుగురిని తనకు అప్పగింపుమనియు, వారీయలేనిచో వారి భాగమును తానే చెల్లింతుననియు చెప్పెను. ఇతరులును అట్లే పూనుకొనిరి. పండ్రెండుగురికొక జట్టు ఏర్పడెను.

వారము వారము ఇంటింటికి పోయిన నాయకులకు డబ్బుతోపాటు బ్రతుకులును కంటబడెను. కొందరి నడవడి సరిగా లేదని వారు వెస్లీకి తెలిపిరి. అప్పు తీర్చుటకు పుట్టిన ఏర్పాటు ఆత్మల మేలు విచారించు ఏర్పాటయ్యెను. కొంతకాలమునకు జట్టువారందరు వారమునకొకమారు ఒకచోట కూడసాగిరి. అందుకు రెండు కారణములు గమనింపదగినవి. ఇతరుల ఇండ్లలో కొలువున్న సేవకులను అక్కడ కలిసికొనుటకు యజమానులు ఒప్పుకొనకుండిరి. ఒకరిపై నొకరు చెప్పుకొనిన మాటల నిజము ముఖాముఖి కూర్చుండినగాని తేలకుండెను.

ఈ కథలో ముఖ్యమైనది వరుసక్రమము. ఫాయ్ మొదట భారమునెత్తుకొనెను. అడుగు అర్హత తరువాత వచ్చెను. పేదవాని పెన్నీని తన సంచినుండి చెల్లించినవాడు, వాని దురలవాటును గూర్చి అడిగినచో ఆ మాట చెవికెక్కును. ఏ బరువును మోయక అడుగువానిని ఎవరైనను గూఢచారి యనియే తలంతురు.

అయినను సదుద్దేశముతో మొదలైన విచారణ పెత్తనముగా మారు ప్రమాదము ఎల్లప్పుడు కలదు. జర్మనీలో 1935 నుండి ఫింకెన్‌వాల్డ్ బోధకశిక్షణాలయమును నడిపిన డీట్రిచ్ బోన్‌హోఫర్ ఇందుకొక కట్టుబాటు నేర్పరచెను. ఎదుటలేని సహోదరుని గూర్చి మాటలాడరాదు. మాటలాడినచో ఆ సంగతి అతనికే చెప్పవలెను. 1937లో నాజీ పోలీసులు ఆ శిక్షణాలయమును మూసివేసిరి. నియమము మాత్రము నేటికిని ఆచరింపదగినదే. అడుగు నాయకుడును తన వంతు వచ్చినపుడు జవాబు చెప్పవలసినవాడే. లేనిచో పరస్పరమను మాటకు అర్థము లేదు.

కట్టుబడియుండుట యనగా, తప్పు బయటపడినవాడు మరుసటి వారము తిరిగి వచ్చుటయు, వచ్చినపుడు అతని చోటు అతనికై యుండుటయు.

స్వభాషీయులు కొలదిమందియే యున్న ఊళ్లలో తరతరములుగా నివసించుచున్న మనకు ఈ విచారము ఏ మతము వారికైనను ఉపకరించును. సంఘపు చందా కొరకు తలుపు తట్టినపుడు ఆ యింటివారు ఈయలేకపోవచ్చును. అప్పుడు పుస్తకమున బాకీ వ్రాసికొని మరలిపోవుదుమా, లోపల కూర్చుండి క్షేమ మడుగుదుమా?