ఈ రూపం ఎవరిది?

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల కొండ జనంతో కిటకిటలాడుతుంది. ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి అనే గురువు 1924లో అక్కడి గుహలో నిలిపిన మేరీమాత విగ్రహం దగ్గర క్రైస్తవులతో పాటు హిందువులూ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. అదే నగరంలో ఎన్నో ప్రార్థన మందిరాల్లో మాత్రం గోడ మీద వాక్యం తప్ప ఒక్క బొమ్మ కూడా కనిపించదు. విగ్రహం తప్పని వీరు, తప్పు కాదని వారు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది బైబిలే. అందులో రూపం గురించి చెప్పడానికి వాడిన ఒక గ్రీకు మాట వెంట కొంతదూరం నడిస్తే, ఈ తగవు మొదలుకావలసిన చోటు గుడి గోడ కాదని తెలుస్తుంది.

ఆ మాట ‘ఐకోన్’. కొత్త నిబంధనలో 23 సార్లు వస్తుంది. మన తెలుగు బైబిలు చదివేవారికి ఇది ఒకే మాట అని తెలిసే వీలు లేదు. నాణెం మీద కైసరు బొమ్మ దగ్గర అది ‘రూపము’. క్రీస్తును గురించి చెప్పేటప్పుడు ‘స్వరూపి’. విశ్వాసి మారవలసిన తీరు చెప్పేటప్పుడు ‘పోలిక’. ప్రకటన గ్రంథంలో క్రూరమృగానిది ‘ప్రతిమ’. సందర్భాన్ని బట్టి మాట మార్చడం అనువాదకుల తప్పేమీ కాదు. కానీ పౌలు చదువుకున్న లేఖనాల్లో వీటన్నిటికీ ఒకే వేరు ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు ఆదికాండాన్ని గ్రీకులోకి తెచ్చినప్పుడు, దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడన్న చోట వాడిన మాట ఇదే. ప్రాచీన ఈజిప్టులో, మెసొపొటేమియాలో దేవుని రూపం అనిపించుకున్నది రాజు. రాజు స్వయంగా వెళ్లలేని దూరపు సీమల్లో అతని శిల్పం అతని అధికారానికి గుర్తుగా నిలిచేది. ఆదికాండం ఆ బిరుదును సింహాసనం మీద నుంచి దించి మనుషులందరికీ ఇచ్చింది. స్త్రీకీ పురుషుడికీ ఒకే వాక్యంలో ఇచ్చింది. ప్రాచీన ప్రపంచంలో ఇంతకంటే సాహసమైన మాట నాకు కనబడలేదు.

యేసును ఇరికించడానికి కొందరు పన్ను సంగతి ఎత్తినప్పుడు ఆయన ఒక దేనారం తెప్పించి, దీని మీది రూపం ఎవరిదని అడిగాడు. అది తిబెరి కైసరు వెండి నాణెమని సంప్రదాయం. ఆ చక్రవర్తి ముఖం మన నేలకూ కొత్త కాదు. గుంటూరు సీమలోని వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో తిబెరి కాలానివీ ఉన్నాయి. శాతవాహన రాజులు కూడా తమ ముఖాలతో వెండి నాణేలు వేయించారు. ముఖం ఎవరిదైతే చెల్లుబాటు వారి పేరుమీదే అన్నది కృష్ణా రేవుల్లో సరుకు అమ్ముకున్నవాడికీ తెలిసిన లెక్కే. కైసరుది కైసరుకు ఇమ్మని చెప్పి, దేవునిది దేవునికి ఇమ్మన్నాడు యేసు. దేవుని రూపం ముద్రించి ఉన్నది దేని మీద? క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లో టెర్టూలియన్ దీనికి సూటిగా జవాబు రాశాడు: నాణెం మీది రూపం కైసరుది కనుక నాణెం కైసరుకు, మనిషి మీది రూపం దేవునిది కనుక మనిషి దేవునికి. ఆ వివరణ సరైనదని నేను నమ్ముతున్నాను. ఆ కథలో పన్ను కంటే పెద్ద విషయం అదే.

పది ఆజ్ఞలు రూపాలు చేయవద్దన్నాయి కదా, మరి ఈ మాటకు ఇంత గౌరవమేమిటని అడగవచ్చు. ఆ ఆజ్ఞను గ్రీకులో పెట్టినవారు అక్కడ ‘ఐడోలోన్’ అనే వేరే మాట వాడారు. అయితే ఆ తేడా మీదే పూర్తిగా ఆధారపడటం నిజాయితీ కాదు. ద్వితీయోపదేశకాండం నాలుగో అధ్యాయపు నిషేధంలో ‘ఐకోన్’ ఉంది. దానియేలు గ్రంథంలో నెబుకద్నెజరు నిలబెట్టిన బంగారు ప్రతిమా ఐకోనే. అంటే ఆ మాట తనంతట తాను పవిత్రమూ కాదు, అపవిత్రమూ కాదు. అది ఎవరి అధికారానికి నిలబడిందన్నదే లేఖనం పరీక్ష. నెబుకద్నెజరు ప్రతిమ తప్పు లోహంలో లేదు. దానికి మొక్కనివాణ్ని బతికున్న మనిషని చూడకుండా అగ్నిగుండంలో వేయించడంలో ఉంది. ఇక గుణదల సంగతి: క్రీ.శ. 787 నాటి రెండో నైసియా మహాసభ చిత్రాలకు చేసే వందనాన్ని, దేవునికి మాత్రమే చెందే ఆరాధననూ విడదీసింది. ఆ గీత దాటనంతవరకు కొండెక్కే భక్తుణ్ని విగ్రహారాధకుడనడం అన్యాయం. గీత దాటుతున్నారేమోనన్న బోసిగోడల సంఘాల భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. అమరావతి స్తూపం మీద పాదాలతో, ఖాళీ ఆసనంతో బుద్ధుణ్ని సూచించిన శిల్పాలూ ఉన్నాయి, ఆయన రూపాన్నే చెక్కిన శిల్పాలూ ఉన్నాయి. ఈ డెల్టాకు రెండు దారులూ ఎరుకే.

మరో అభ్యంతరం బలమైనది. కొలొస్సయి పత్రిక మొదటి అధ్యాయం క్రీస్తును అదృశ్యుడైన దేవుని ఐకోన్ అంటుంది కనుక, ఆ గౌరవం ఆయన ఒక్కడిదేనన్నది ఆ వాదం. పత్రిక అక్కడితో ఆగలేదు. మూడో అధ్యాయంలో అదే మాటను మారిన మనిషికి వర్తింపజేసి, ఆ వెంటనే గ్రీకు, యూదుడు, అనాగరికుడు, సిథియనుడు, దాసుడు, స్వతంత్రుడు అన్న తేడాలను కొట్టేసింది. ఆ పత్రికతో పాటు కొలొస్సయికి వస్తున్నవారిలో ఒనేసిము పేరు ఉంది. ఫిలేమోను దాసుడైన ఒనేసిమే అతను. దాసుడు గుమ్మంలో నిలబడి ఉండగా చదివి వినిపించిన పత్రిక అది. ఆ రూపం స్త్రీకి లేదనడానికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయాన్ని అడ్డుపెట్టేవారూ ఉన్నారు. పురుషుణ్ని దేవుని రూపమన్న ఆ పేరాలోనే, పురుషుడు పుట్టేది స్త్రీ వల్లనే అని, సమస్తమూ దేవుని నుంచేనని పౌలు సరిదిద్దాడు. సగం వాక్యంతో తీర్పు చెప్పకూడదు.

మనిషిలోని దేవుని రూపాన్ని గౌరవించడం సామాజిక విషయం, ఆధ్యాత్మికం కాదనేవారితో నేను ఏకీభవించను. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో దిగిన తర్వాత ఈ డెల్టాలో వాక్యం వినని పల్లె అరుదు. ఆ వాక్యాన్ని ఎక్కువగా పట్టుకున్నది మాలపల్లె, మాదిగపల్లె. ఆ డెల్టాలోనే తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. బొమ్మకు దండం పెట్టడం పాపమా అని గంటలు గంటలు చర్చించే మనం, ఐకోన్‌ను నరికిన ఆ రోజు మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం? చర్చిలోపల కూడా కులం చెరిగిపోలేదు. దళితుల నుంచి తొలి కార్డినల్‌గా మన తెలుగువారే పూల ఆంథోని ఎంపికైంది 2022లో.

గుణదల కొండెక్కేవారికీ, బొమ్మలేని మందిరంలో మోకరించేవారికీ ఒకే విన్నపం. మీ సంఘంలో కులాన్ని బట్టి వేరే వరుస గానీ, వేరే సమాధుల తోట గానీ, పెళ్లి సంబంధానికి వేరే లెక్క గానీ ఉంటే, విగ్రహం మీద తదుపరి వాదనకు ముందు దాన్ని సంఘ పెద్దల సమావేశంలో పేరు పెట్టి ఎత్తండి. తీసేసే వరకు వదలకండి.