సీసం గెలిచిందా?

బంతిని గుంతలోకి దొర్లించే పట్టర్ తలకి వెనక రెండు సీసం టేపు ముక్కలు అంటించాను. తల బరువెక్కేసరికి ఊపు నిదానించింది, మణికట్టు వణుకు తగ్గింది. ఆదివారం మిత్రుడి మీద గెలిచాను. అప్పట్నుంచీ ఒకటే పురుగు: గెలిచింది నేనా, సీసమా?

గోల్ఫ్ నియమాలు ఆ లెక్క తేల్చవు. రౌండ్ మొదలవకముందు టేపు అంటించుకోవచ్చు. మొదలయ్యాక అంటించకూడదు, పీకకూడదు. 2016లో ఆపింది కూడా పొడుగు పట్టర్‌ని కాదు, దాన్ని ఒంటికి ఆనించి కొట్టడాన్ని.

మొదట ఇది దాటవేత అనిపించింది. ఇప్పుడు న్యాయమే అనిపిస్తోంది. కళ్ళద్దాలతో చదివినంత మాత్రాన చదువు అద్దాలది అయిపోదు. ఓడిపోతున్నప్పుడు తూకం మార్చడమే తప్పు. ఎంచుకున్న బరువుతోనే చివరిదాకా ఆడాలి, పక్కకి పోయిన బంతి నాదే అనుకోవాలి.

టేపు సంగతి మిత్రుడికి చెప్పలేదు. నియమం ప్రకారం చెప్పక్కర్లేదు. అయినా వచ్చే ఆదివారం ఆట మొదలవకముందే చెప్తాను. టేపు చుట్ట కూడా తీసుకెళ్తాను.