రెండు రూపాయల పందెం

 



జూదం హరామ్ అన్న సంగతి మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీధి చివర చెట్టు కింద కూర్చుని పేకముక్కలు పంచుకునే వారిని చూస్తే మన యువకులు ముఖం తిప్పుకుని వెళ్ళిపోతారు. కాని అదే యువకుడి సెల్‌ఫోన్‌లో పోకర్ ఆట ఉంటుంది. అడిగితే, "ఇది జూదం కాదు, ఉచిత ఆట. ఇందులో డబ్బు లేదు" అంటాడు. కొన్ని నెలల తర్వాత అడిగితే సమాధానం మారిపోతుంది. "డబ్బు ఉంది గాని ఎంతో కాదు, రెండు రూపాయల పందెం. టీ ఖర్చు కూడా కాదు" అంటాడు. ఈ రెండు సమాధానాల మధ్య ఉన్న దూరం ఎంత? రెండు రూపాయలేనా? ఈ విషయాన్ని మనం శ్రద్ధగా ఆలోచించాలి.

అడుగు తర్వాత అడుగు

సూరా అల్ బఖరా 168వ ఆయత్‌లో అల్లాహ్ మానవులందరినీ సంబోధించి, భూమిలోని ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన వాటినే తినమనీ, షైతాను అడుగుజాడల్లో నడవవద్దనీ ఆదేశించాడు. ఇక్కడ వాడిన పదం 'ఖుతువాత్', అంటే అడుగులు. హలాల్ సంపాదన గురించి చెప్పిన చోటనే ఈ హెచ్చరిక రావడం గమనార్హం. షైతాను మనిషిని ఒక్కసారిగా గోతిలోకి తోయడు. ఒక అడుగు వేయిస్తాడు, దానికి అలవాటు పడనిస్తాడు, తర్వాత ఇంకో అడుగు వేయిస్తాడు.

ఈ ఆటల్లో ఆ అడుగులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట వేలకొద్దీ ఉత్తుత్తి చిప్స్ ఉచితంగా ఇస్తారు. అవి పోతే మర్నాడు మళ్ళీ ఇస్తారు. ఓడినా బాధ లేదు. ఎప్పుడు ముక్కలు వదిలేయాలో, ఎప్పుడు ఎదుటివాణ్ణి బెదిరించి పందెం పెంచాలో ఆ ఉచిత ఆటలోనే అలవాటవుతుంది. ఆ తర్వాత, "మీరు వంద రూపాయలు వేస్తే మేము మరో వంద కలుపుతాం" అన్న ఆశ చూపుతారు. ఆ తర్వాత, "మీ స్నేహితుణ్ణి చేర్పించండి, బోనస్ తీసుకోండి" అంటారు.

పెద్ద గెలుపు కథలు కూడా ఈ మెట్లలో భాగమే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికా అకౌంటెంటు, వంద డాలర్ల లోపు ఖర్చుతో ఆన్‌లైన్ ప్రవేశపోటీ నెగ్గి, ప్రపంచ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ తర్వాత ఆన్‌లైన్ పోకర్ విపరీతంగా వ్యాపించింది. ఆ పోటీలో పాల్గొన్నవారు 839 మంది. బహుమతుల సొమ్ము ఎక్కడి నుండో ఊడిపడలేదు, అది వారు కట్టిన ప్రవేశ రుసుమే. గెలిచినవాడి పేరు లోకమంతా చెప్పుకుంది. ఓడినవారి పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

రుచి ఎక్కడి నుండి వచ్చింది?

ఉచిత ఆట వదలి డబ్బు ఆటలోకి ఎందుకు వెళ్ళావని అడిగితే ఆటగాళ్ళు చెప్పే కారణం ఒక్కటే. "ఉచిత ఆటలో ఎవరూ మనసుపెట్టి ఆడరు. పోయేదేమీ లేదు గనుక ఏ ముక్కలు వచ్చినా అన్నీ ఒడ్డేస్తారు. కాస్త డబ్బు ఉంటేనే ఆటకు రుచి" అంటారు.

సోదరులారా! ఈ మాటను కాస్త పరిశీలించండి. పేకముక్కలు అవే, నియమాలు అవే, తెర అదే. మారింది ఒక్కటే. ఎదుటివాడు ఓడితే ఇప్పుడు అతనికి నొప్పి కలుగుతుంది. అంటే ఈ ఆటకు వచ్చిన రుచి సాటి మనిషి నష్టంలో నుండి వచ్చిన రుచి! అది జూదమని ఇంకెవరో సాక్ష్యం చెప్పనక్కరలేదు, ఆడేవారి మాటే సాక్ష్యం.

సూరా అల్ మాయిదా 90, 91 ఆయత్‌లలో అల్లాహ్ మద్యాన్నీ, జూదాన్నీ షైతాను పనులుగా, అసహ్యమైనవిగా పేర్కొని వాటికి దూరంగా ఉండమన్నాడు. వీటి ద్వారా షైతాను మన మధ్య శత్రుత్వాన్నీ, ద్వేషాన్నీ రగిలించి, దైవ సంస్మరణ నుండీ, నమాజు నుండీ మనల్ని ఆపాలనుకుంటున్నాడని కారణం కూడా తెలియజేశాడు. ఇందులో ఇంత డబ్బు దాటితేనే నిషిద్ధం అన్న హద్దు లేదు. రెండు రూపాయలు ఒడ్డినవాడు కూడా ఎదుటివాడు ఓడాలనే కోరుకుంటాడు. ఇషా అజాన్ వినబడినా, "ఈ ఒక్క ఆట అయిపోనీ" అనే అంటాడు.

"ఇష్టపడే ఆడుతున్నాం కదా!"

కొందరు, "వ్యాపారంలాగే ఇదీ ఇరువురి అంగీకారంతోనే జరుగుతుంది" అని వాదిస్తారు. సూరా అన్నిసా 29వ ఆయత్‌లో అల్లాహ్ పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని అనుమతించి, ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినడాన్ని నిషేధించాడు. వ్యాపారంలో కొన్నవాడికి సరుకు దక్కుతుంది, అమ్మినవాడికి సొమ్ము దక్కుతుంది. జూదంలో ఓడినవాడికి ఏం దక్కింది? అతడు ఆడటానికి ఒప్పుకున్నాడే గాని, ఓడిపోవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాడు ఎవడూ లేడు.

ఇంకొందరు, "ఇది అదృష్టం కాదు, నైపుణ్యం" అంటారు. 1967లో మన రాష్ట్రం నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పేర్కొన్న మాట నిజమే. కాని షరీఅత్ అడిగే ప్రశ్న వేరు. పూర్తిగా బుద్ధిబలంతో ఆడే చదరంగంలో కూడా ఇరువైపులా పందెం పెడితే అది హరామ్ అని ధర్మవేత్తలు ఏకగ్రీవంగా చెప్పారు. నైపుణ్యం పందేన్ని హలాల్ చేయదు.

ఇంకో లెక్క చూడండి. ఆట నడిపే కంపెనీ మధ్యలో పోగైన పందెపు సొమ్ము నుండి ప్రతిసారీ తన వాటా కోసుకుంటుంది. ఉదాహరణకు, ఆరుగురు తలా 200 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. మొత్తం 1,200. ఒక్కో ఆటలో 40 రూపాయలు పోగై, 5 శాతం వాటా పోతే 2 రూపాయలు. గంటకు 60 ఆటలు నడిస్తే 120 రూపాయలు. పది గంటల్లో ఆరుగురి సొమ్మూ కంపెనీకి చేరుతుంది! చిన్న పందెం గనుక నష్టం చిన్నదేనన్నది భ్రమ.

చిన్నదని తేలికగా తీసుకోకండి

అజ్ఞాన కాలంలో అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో వాటాలు తేల్చుకునేవారు. ఓడినవారు ఒంటె ధర చెల్లించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినక పేదలకు పంచి, దాన్ని గొప్పగా చెప్పుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు. పేదల కడుపు నింపిన ఆ జూదాన్ని కూడా అల్లాహ్ అనుమతించలేదు. అందులో కొన్ని లాభాలున్నా పాపమే పెద్దదని సూరా అల్ బఖరా 219వ ఆయత్‌లో తెలియజేశాడు. అలాంటప్పుడు టీ ఖర్చుకని ఆడే జూదం ఎలా ధర్మసమ్మతం అవుతుంది?

జూదమాడుదాం రమ్మని తోటివాణ్ణి పిలిచినవాడు దానధర్మం చేయాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇంకా ఆడనే లేదు, పిలుపు ఒక్కటే. దానికే పరిహారం! బోనస్ కోసం స్నేహితులకు లింకులు పంపేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒకసారి తన సేవకుడు తెచ్చినది తిన్నారు. అది అజ్ఞాన కాలంలో తాను చెప్పిన జోస్యానికి వచ్చిన ప్రతిఫలమని సేవకుడు తర్వాత చెప్పాడు. ఆయన వెంటనే నోట్లో చెయ్యి పెట్టుకుని, తిన్నదంతా కక్కేశారు. బుఖారీలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఇది. తెలియక తిన్న కొద్దిపాటి ఆహారం గురించి ఆయనకు అంత భయం. తెలిసి తినే రెండు రూపాయల గురించి మనకు ఎంత భయం ఉండాలి?

మరి ఉచిత ఆట?

పందెం లేని ఆట మైసిర్ కాదు కదా అని కొందరు అడుగుతారు. హలాల్, హరామ్ రెండూ స్పష్టమేననీ, మధ్యలో సందేహాస్పదమైనవి ఉన్నాయనీ, నిషిద్ధ క్షేత్రం గట్టున గొర్రెలను మేపేవాడు ఏదో ఒకనాడు అందులోకి వెళ్ళిపోతాడనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఉచిత పోకర్ ఆ గట్టు మీది మేతే. పందెం లేకపోయినా నర్ద్ అనే పాచికల ఆట ఆడకూడదని అనేకమంది ధర్మవేత్తలు చెప్పారు. రోజుకు రెండు గంటలు పందెం కాయడాన్ని సాధన చేసే మనసు, అసలు పందెం ఎదురైనప్పుడు ఎంతసేపు నిలబడగలదు?

లోక చట్టం కూడా చివరికి ఇదే దారికి వచ్చింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పేకాటను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే చట్టం కన్నుగప్పి విదేశాల నుండి పిలిచే ఆటలకు కొదవ లేదు. విశ్వాసికి అసలు కాపలా చట్టం కాదు, దైవభీతి.

తిరిగి వచ్చే దారి

ఇందులో చిక్కుకున్న సోదరులు నిరాశ చెందకూడదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. ఆట వెంటనే ఆపాలి, చేసినదానికి కుమిలిపోవాలి, మళ్ళీ ఆ వైపు వెళ్ళనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఉచిత ఆటతో సహా ఫోన్ నుండి తీసేయాలి. మారుపేర్లతో ఆడినవారి నుండి గెలిచిన సొమ్ము ఎవరిదో తెలియదు గనుక, పుణ్యం ఆశించకుండా దాన్ని పేదలకు ఇచ్చివేయాలని ధర్మవేత్తలు చెబుతారు. పోయిన డబ్బును మరో ఆటతో రాబట్టాలని మాత్రం చూడకండి. ఆ ఆశే మళ్ళీ లోపలికి లాగుతుంది. అప్పులు ఉంటే ఇంట్లో దాచకండి, పెద్దలతో చెప్పుకోండి.

తల్లిదండ్రులారా! పిల్లవాడు నిజం చెప్పిన రోజున అతణ్ణి నలుగురిలో అవమానించకండి. అలా చేస్తే రేపటి నుండి నిజం చెప్పడు. "డబ్బు పోతోందా?" అని మాత్రమే కాదు, "ఏం ఆడుతున్నావు?" అని కూడా ప్రేమగా అడగండి. రెండో ప్రశ్న ముందే అడిగితే మొదటి ప్రశ్న అవసరం రాకపోవచ్చు.

అల్లాహ్ మన చేతులను, మన సంపాదనను, మన సంతానాన్ని జూదపు కాలుష్యం నుండి కాపాడుగాక! కొద్దిపాటి హలాల్‌తో తృప్తి చెందే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.