నూటికి ఒక్కరి కోసం

సరళత మంచి గుణమే. వెబ్‌సైటు తెరవగానే ముప్పై నలభై మాటల మెనూ ఎదురైతే చదువుకున్నవాడికే దిక్కుతోచదు. కొత్తగా ఫోను చేతపట్టిన పెద్దవారి సంగతి చెప్పనక్కర లేదు. ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ తేల్చుకోవడానికి పట్టే సమయమూ పెరుగుతుందని విలియం హిక్ 1952లోనే ప్రయోగం చేసి చూపాడు. కాబట్టి మెనూను కుదించేవారిని నేను తప్పుపట్టను. నా ప్రశ్న వేరు. ఏది తీసివేయాలో దేన్నిబట్టి నిర్ణయించాలి?

ఎక్కువమంది నొక్కనిది తీసెయ్యడమే న్యాయం అంటారు. 2010లో ఇంగ్లీషు వికీపీడియా అదే చేసింది. అంతవరకూ వ్యాసం పక్కన, అదే విషయం ఏయే భాషల్లో ఉందో ఆ భాషల పేర్లు వాటి లిపుల్లోనే వరుసగా కనిపించేవి. ఆ మే నెలలో వచ్చిన కొత్త రూపంలో ఆ వరుసను మడిచి దాచారు. నొక్కేవారు నూటికి ఒక్కరు కూడా లేరన్నది కారణం. అభ్యంతరాలు వచ్చాయి, కొద్ది వారాల్లోనే వరుస తిరిగి బయటపడింది. 2023 నాటి రూపంలో మళ్ళీ ఒక మీట వెనక్కి వెళ్ళింది. అయితే ఈసారి వ్యాసం పేరు పక్కనే, ఎన్ని భాషలున్నాయో అంకెతో సహా.

ఆ లెక్క అబద్ధం కాదు. కాని నొక్కనివాడు చూడలేదని అర్థమా? ఇంగ్లీషు పేజీ చదువుతున్న మనవాడి కన్ను 'తెలుగు' అన్న మూడక్షరాల మీద పడితే, ఈ సంగతి తన భాషలోనూ ఉందని తెలుస్తుంది. ఆవేళ నొక్కకపోవచ్చు. ఉన్నదని తెలియనిదాన్ని మాత్రం ఎవరూ వెతకరు.

రాష్ట్రం వెలుపలి మనకు ఈ లెక్కలు కొత్త కావు. మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయడానికి 1949లో విద్యామంత్రుల సమావేశం పెట్టిన కొలత బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలు. ఊళ్ళో మీరు ఎంత శాతమని అడగలేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణమైతే అంకే పెట్టలేదు. అమలు సంగతి మనకు తెలిసిందే. అయినా శాతాన్ని కాక మనిషిని చూసిన పద్ధతి అది.

అలాగని ప్రతివాడికీ ఒక మాట చేర్చితే మెనూ మళ్ళీ అడవి అవుతుంది. అందుకే నాకు తోచిన కొలత ఇది: దీన్ని తీసేస్తే, కావలసినవాడికి ఇంకో దారి ఉందా? సంస్థ సొంత పొగడ్తలు, ఒకే చోటికి చేర్చే రెండు మూడు మాటలు నిరభ్యంతరంగా తీయవచ్చు. భాష మార్చుకునే చోటు, ఫిర్యాదు చెప్పుకునే చోటు, ఖాతా మూసుకునే చోటు తీయరాదు. వాటిని నొక్కేవారు తక్కువే గాని, అవసరం పడ్డవాడికి వేరే గతి లేదు. పైగా చివరి రెండూ దాస్తే లాభం ఎవరికో ఆలోచించండి. స్వలాభం కూడా సరళత పేరు పెట్టుకు వస్తుంది.

గూగుల్ భారతదేశపు మొదటి పేజీ దాదాపు ఖాళీయే. అయినా వెతికే గడి కింద తెలుగుతో సహా మన భాషల పేర్లు వాటి లిపుల్లో నిలిచి ఉన్నాయి. వాటివల్ల ఆ పేజీ ఇరుకైందని నేను ఎవరి నోటా వినలేదు.