పోటు వచ్చేదాకా పడవవాడు ఏం చేస్తాడు?

ఈ వారం వీడియోలో భగవద్గీత 18వ అధ్యాయం, 14వ శ్లోకం చెప్పుకున్నాం కదా. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలి అన్నాడు కృష్ణ పరమాత్మ. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్ట, ఐదోది దైవం. టైం చాలక వదిలేసిన ఉదాహరణ ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మన అన్నోజిగూడ వాళ్లకి సముద్రం దూరం. దగ్గర్లో పారే మూసీకి ఆటుపోట్లు లేవు. అందుకని కాసేపు నెల్లూరు తీరానికి వెళ్దాం. అక్కడ బకింగ్‌హాం కాలువ ఉంది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 400 కిలోమీటర్లకు పైగా సముద్రం పక్కనే సాగుతుంది. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలు ఈ కాలువ మీదే పడవల్లో వెళ్లేవి. ఇంజన్లు లేవు. గెడ వేసి తోయాలి, లేదంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగాలి. గాలి ఉంటే తెరచాప.

కాలువలో ప్రయాణం తేలికే. కష్టమంతా పెన్న లాంటి నది అడ్డం వచ్చిన చోట. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ నీళ్లు రోజుకి రెండుసార్లు పోటుకి పెరుగుతాయి, రెండుసార్లు ఆటుకి తగ్గుతాయి. ఆటు వేళ దిగితే పడవ ఇసుకలో కూరుకుపోతుంది, లేదా సముద్రం వైపు కొట్టుకుపోతుంది. పోటు నిండాక నీళ్లు కాసేపు నిలకడగా ఉంటాయి. దాటాల్సింది అప్పుడే. అందుకే నదుల దగ్గర లాకులు కట్టారు. పడవ అక్కడ ఆగాల్సిందే.

ఇప్పుడు శ్లోకం చూడండి. పడవ అధిష్ఠానం. పడవవాడు కర్త. గెడ, తాడు, తెరచాప కరణాలు. తొయ్యడం చేష్ట. పోటు దైవం. మొదటి నాలుగూ ఉండి పోటు లేకపోతే పడవ కదలదు. పోటు వచ్చి, పడవవాడు గట్టు మీద నిద్రపోతుంటే? అప్పుడూ కదలదు.

ఈ మధ్య మన సత్సంగానికి వచ్చే ఒక అబ్బాయి అడిగాడు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. "గురువుగారూ, అప్లై చేస్తూనే ఉన్నా, పూజా చేస్తున్నా. దేవుడికి నా మీద కోపమా?" అన్నాడు. ఇంట్లో ఈఎంఐ నడుస్తోంది, అమ్మానాన్నల ముఖం చూడలేకపోతున్నాడు. నేను అన్నాను, "నాన్నా, ఆటు వచ్చిందంటే సముద్రానికి పడవవాడి మీద కోపం వచ్చిందని కాదు. అది నిన్ను చూసి వెనక్కి వెళ్లలేదు. ఈ ఎనిమిది నెలల్ని నీకు పడిన శిక్ష అనుకోకు."

ఆ దైవం ఎవరు? శంకరులు మన ఇంద్రియాలకు తోడుండే సూర్యుడు మొదలైన దేవతలు అన్నారు. రామానుజులు లోపల ఉండి నడిపించే పరమాత్మే అన్నారు. ఎలా తీసుకున్నా, ఆ ఐదోది మనకు శత్రువు కాదు. పోటు లేని రోజు ఉండదు. అమావాస్యకి, పౌర్ణమికి ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ, అంతే.

ఒక తేడా ఉంది, దాన్ని దాచను. పడవవాడికి తిథి చూస్తే పోటు వేళ తెలుస్తుంది. మన ఇంటర్వ్యూకి, వీసాకి, పెళ్లికి అలాంటి లెక్క లేదు. అందుకే మనం ఇంకా ఎక్కువ సిద్ధంగా ఉండాలి. లాకు దగ్గర ఆగిన పడవవాడు ఖాళీగా కూర్చోడు. పడవకి చిల్లు ఉంటే పూడుస్తాడు, తాడు చూసుకుంటాడు, వండుకుని తింటాడు, నిద్రపోతాడు. మీరూ వేళకి తినండి, నిద్రపోండి. అదీ సాధనే. మనసు మరీ కుంగిపోతుంటే ఇంట్లో చెప్పండి, డాక్టర్‌ని కలవండి.

ఈ వారం ఒక పని చేయండి. రాత్రి పడుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒంటిని చూసుకున్నానా? మనసు పెట్టానా? నైపుణ్యానికి పదును పెట్టానా? ఇవాళ్టి ప్రయత్నం చేశానా? ఆ తర్వాత ఐదోదాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టి, పదకొండు సార్లు నామం చెప్పుకుని పడుకోండి. రేపటి నీళ్ల సంగతి ఆయన చూసుకుంటాడు.

శుభం. జై శ్రీమన్నారాయణ!