మాట ఎప్పుడు మనదవుతుంది?

అమెరికా చదువులకు సిద్ధమయ్యే కరీంనగర్ పిల్లల చేతుల్లో కనిపించే జీఆర్‌ఈ పదాల పట్టికలన్నీ దాదాపు ఒక్క తీరుగానే ఉంటాయి. ఎడమపక్క ఇంగ్లిష్ మాట, కుడిపక్క అర్థం, అడుగున సొంత వాక్యం రాయమన్న అభ్యాసం. చాలామంది పట్టికను బట్టీపట్టి అభ్యాసాన్ని వదిలేస్తారు. అసలు విద్య ఆ వదిలేసిన పనిలోనే ఉందన్నది నా వాదన. పరీక్షలో గట్టెక్కే ఉపాయంగా ఈ మాట చెప్పడం లేదు. ఒక మాట మనకు తెలుసని ఎప్పుడు అనగలమన్నది మన శాస్త్రాలు వందల ఏళ్లు తర్కించిన ప్రశ్న. ఆ ప్రశ్న ఇప్పటి ఇంగ్లిష్ చదువులకూ వర్తిస్తుంది. చదువులతల్లి సరస్వతి కొలువైన బాసర 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనిదే. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి జనం అక్కడికే వెళ్తారు. ఆ ఊళ్లోనే 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పల్లెటూరి పిల్లలు ఇంగ్లిష్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నారు. చదువు పరభాషలోకి మారినంత మాత్రాన, వాక్కు గురించి మనవాళ్లు తేల్చిన సంగతులు చెల్లకుండా పోవు.

పిల్లలకు మాటలెలా వస్తాయో, వేదవాక్యాల అర్థాన్ని తర్కించిన మీమాంసకులు చాలా దగ్గరగా చూశారు. పెద్దాయన ఒకరు ‘ఆవును తీసుకురా’ అంటాడు, ఇంకొకరు తెస్తారు. పక్కనున్న పిల్లవాడు అది చూస్తాడు. మరోసారి ‘ఆవును కట్టెయ్’ అని, ఇంకోసారి ‘గుర్రాన్ని తీసుకురా’ అని వింటాడు. ఏ ముక్క మారితే ఏ పని మారిందో పోల్చుకుంటూ ఒక్కో మాటనూ విడదీసుకుంటాడు. దీనికి వృద్ధవ్యవహారమని పేరు. మాటలు ముందు విడివిడిగా అర్థాలు చెప్పి ఆ తర్వాత కలుస్తాయన్నాడు వాళ్లలో ఒకడైన కుమారిల భట్టు. మరో మాటతో కలిసిన అర్థాన్నే మాట చెబుతుందన్నాడు ప్రభాకరుడు. ఇంత తగాదా పడ్డ ఇద్దరూ నేర్చుకోవడం వ్యవహారంలోనే మొదలవుతుందని మాత్రం ఒప్పుకున్నారు. మాట అర్థాన్ని వాక్యంలోనే వెతకాలి గానీ విడిగా కాదని జర్మన్ తార్కికుడు ఫ్రెగే 1884లో రాశాడు. ప్రభాకరుడు అంతకు వెయ్యేళ్ల ముందే ఆ దారి తొక్కాడు.

ఒక్క మాట తీసుకుని చూద్దాం. ‘స్పోరాడిక్’ అన్న మాటకు పట్టిక ‘అప్పుడప్పుడు జరిగే’ అని అర్థమిస్తుంది. అది చదివిన విద్యార్థి, మేం కొండగట్టు అంజన్న దర్శనానికి నెలకో శనివారం స్పోరాడిక్‌గా వెళ్తామని రాస్తాడు. వ్యాకరణం సరిపోయింది, అర్థం చెడింది. నెలకో శనివారమంటే వరుస ఉంది, ఆ మాటకు వరుస గిట్టదు. ఆదిలాబాద్‌లో జూన్‌లో పత్తి గింజలు పెట్టాక ఓ చేనులో పడి పక్క చేనులో పడని వాన, రెండు రోజులు కురిసి పది రోజులు మొహం చాటేసే వాన, మొలక ఎండి రైతు మళ్లీ విత్తనం కొనుక్కునేలా చేసే వాన స్పోరాడిక్. ఈ వాక్యం రాసిన పిల్లకు ఆ మాట ఇక మళ్లీ చెప్పక్కర్లేదు. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో చెప్పాడు. కొండగట్టు వాక్యంలో లోపించింది యోగ్యత, అంటే మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం. మాటను పట్టికలో ఎంతసేపు చూసినా ఆ లోపం బయటపడదు, వాక్యం రాస్తేనే పడుతుంది.

మన పెద్దలూ అమరకోశం వల్లె వేయించారు కదా, అదీ పట్టికే కదా అని అడగవచ్చు. నిజమే, వల్లె వేయడాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అమరంతోనే చదువు ఆగలేదు, దాని వెంటే కాళిదాసు రఘువంశం వచ్చేది. మెతుకుసీమ (మెదక్) కొలిచాలకు చెందిన మల్లినాథసూరి దానికి రాసిన వ్యాఖ్య తెరిస్తే ఆ పద్ధతి కళ్లకు కడుతుంది. ముందు శ్లోకానికి అన్వయం కుదురుస్తాడు, ఆ చోట ఆ మాటకు ఏ అర్థమో చెబుతాడు, దానికి సాక్ష్యంగా కోశాన్ని చూపిస్తాడు. అక్కడ కోశం సాక్షి మాత్రమే, తీర్పు వాక్యానిది. అర్థం తెలియకుండా వల్లించేవాణ్ని నిరుక్తకారుడు యాస్కుడు అంతకు ఎంతో ముందే నిందించాడు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. జగిత్యాలలోనో ఉట్నూరులోనో ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పెద్దలు లేరు. వ్యవహారమే లేనివాళ్లకు పట్టిక తప్ప ఏముంది? దీనికీ మన తార్కికుల దగ్గర జవాబుంది. మాటకు అర్థం తెలిసే దారులు వాళ్ల లెక్కలో ఎనిమిది. వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం (మిగతా వాక్యం ఇచ్చే ఆధారం), వివరణ, తెలిసిన మాట పొరుగున ఉండటం. పట్టిక వీటిలో ఒక్కటి, కోశం మాత్రమే. వాక్యశేషానికీ, తెలిసిన మాటల పొరుగుకూ ఇంగ్లిష్ మాట్లాడే ఇల్లు అక్కర్లేదు, ఇంగ్లిష్ పేపరు చాలు. జీఆర్‌ఈ సైతం 2011 ఆగస్టులో వ్యతిరేక పదాల ప్రశ్నలను, పోలికల ప్రశ్నలను తీసేసింది. ఇప్పుడు వాక్యంలోని ఖాళీలను పూరించమంటోంది, ఒకే వాక్యంలో ఒకే అర్థమిచ్చే రెండు మాటలను ఏరమంటోంది. విడి మాటకు అక్కడా విలువ తగ్గింది.

సొంత ఊరి మీద వాక్యాలు రాస్తే ఇంగ్లిష్ ఇరుకైపోదా అన్న భయం కూడా నాకు నిలిచేదిగా కనిపించదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మొదలైన చదువులో గోండు పిల్లలకు తొలి వాచకాలు గోండీలోనే ఉన్నాయి. తెలిసిన బతుకును తెలిసిన మాటల్లో చెప్పడం వచ్చాకే మరో భాష అన్నది అందులోని వివేకం. సిరిసిల్ల మగ్గం గురించి, గోదావరిఖని బొగ్గుబాయి గురించి నిజమైన ఇంగ్లిష్ వాక్యం రాయగలిగినవాడికి లండన్ గురించి రాసిన వాక్యం తేలిగ్గానే అందుతుంది. ‘నిజమైన’ అన్న మాటను నొక్కే చెబుతున్నాను. వాక్కును దైవంగా కొలిచే సంప్రదాయంలో, రాసినవాడు నమ్మని వాక్యం అభ్యాసానికైనా తగదు. ఉదాహరణకు, ‘రాజు ఉదారుడు’ అన్న వాక్యంలో రాజెవరో రాసినవాడికే తెలియదు. తనకు తెలిసిన మనిషి ఔదార్యం గురించి రాస్తే, అది అబద్ధమైతే పట్టుబడుతుంది. ఇలాంటి వాక్యాలను ఒక్కొక్కటిగా దిద్దే తీరిక టీచర్లకు ఎక్కడిదంటారా? రోజుకు ముప్పై మాటలు ఇవ్వడం మాని మూడు ఇస్తే ఆ తీరిక దొరుకుతుంది.